పంతొమ్మిది ఫ్రేములు

రెండు నిమిషాల పదకొండు సెకన్ల ట్రైలర్.
తొంభై నాలుగు కోతలు. లెక్కపెట్టాను,
బియ్యంలో రాళ్ళేరినట్టు.

చూడు ఓతార్, ఇక్కడ గుర్రం పరిగెత్తడం లేదు,
డెక్కల చప్పుడు పరిగెడుతోంది.
గుర్రం ఉన్నది ఆరు ఫ్రేములే, మిగతాదంతా దుమ్ము.

ఇతను చూసింది ఆమెను కాదు.
టీ ఎప్పుడొస్తుందా అని చూశాడు.
మధ్యలో ఒక కిటికీ అతికించారు,
విరహమైపోయింది.

తర్వాత నలుపు.
సంగీతం ఊపిరి బిగబట్టిన చోట
మన ఊపిరి అప్పిస్తాం.
ఆ అప్పు మీదే టికెట్లు తెగుతాయి.

ఇంతలో కింది కొట్టు నుంచి మాక్వాలా
పడవల్లాంటి రొట్టెలు తెచ్చింది, మోచేతుల దాకా పిండి.
"నేనున్నది వెయ్యి" అంది.
పొయ్యి గోడకి రొట్టె కొడుతూ తల తిప్పుతుంది,
ఒక చెంప మీదే నిప్పు వెలుగు.
పంతొమ్మిది ఫ్రేములు. రెప్ప వేస్తే లేదు.

సినిమాలో అసలా దృశ్యమే లేదు.
నిడివి ఎక్కువైందని తీసేశారట.
తిబిలిసిలో మొదటాటకి
కొట్టు మూసి, చెల్లెళ్ళనీ వెంటబెట్టుకెళ్ళి
తెర మీద పేర్లన్నీ అయిపోయేదాకా కూర్చుందట.

మరి ఇక్కడెందుకు ఉంచారు? ఓతార్ అడిగాడు.
రంగు కోసం, అన్నాను.
ముందు మంచు, వెనక నెత్తురు,
నడుమ కంటికి కాస్త నారింజ కావాలి.
అబద్ధం చెప్పలేదు.

ఆమె ఇంకా వెళ్ళలేదు.
"మళ్ళీ" అంది.

వేశాను. ఈసారి డప్పులు ఆపేసి,
వేగం సగానికి దించి.

ముప్పై ఎనిమిది.