గోడమీది నీళ్ళు

కళ్యాణదుర్గం దోవలో
మూతబడిన చెనిక్కాయల మిల్లు గోడ.
ముప్పై అడుగులు. పడమటెండ మొత్తం దానిదే.
బోరుబండి ఓనరు కొలత చూసుకోలేదు,
"నీళ్ళు గోడ దాటాల కాశింసా" అన్నాడు.
దాటించినా.
నిచ్చెనకు నిచ్చెన కట్టి
పిట్టగోడ మీదికి, ఆన్నుంచి రేకుల మీదికి
నీలం ఎగజిమ్మినా.

నీలంలో తెలుపు కలిపితే నీళ్ళు.
ఇంకాస్త కలిపితే చల్లటి నీళ్ళు.
ఎంతదాకా కలపాలో మా నాయన చెప్పలేదు,
చూసేవాని గొంతు గుటకేసేదాకా అని
నాకు నేనే కనుక్కున్నా.

పాప కావాలన్నాడు. గీసినా.
చంకన బిందె పెడితే కష్టం గుర్తొస్తాది,
దోసిలి పెట్టినా.
ముఖం మా చెల్లెలి కూతురిది, వాళ్ళకు చెప్పలేదు.
ఇంగ కళ్ళు.
ఇరవై ఏండ్ల బ్రష్షు నేర్పిన గుట్టు ఒక్కటే:
బొమ్మ ఎటు చూస్తే జనం అటు చూస్తారు.
పాప కళ్ళను ఫోను నంబరు మీదికి తిప్పినా,
పది అంకెలు, ఒక్కొక్కటి ఎనుము పండుకున్నంత.

కింద, మోరీ పక్కన,
కుక్కలు కాలెత్తే ఎత్తులో
"నీళ్ళు పడకున్నా అడుగుల లెక్క కట్టవలెను".
బూడిదరంగు గోడ మీద బూడిదరంగు అక్షరాలు.
అబద్ధం రాయలేదు నేను.
ఒక్క గుడి, ఒక్క కొమ్ము తప్పు పోలేదు.

మేక ఒకటి వచ్చి నీలాన్ని నాకి పోయింది.
సున్నం కోసమో ఏమో.

సుంకమ్మ మటుకు నాలుగు దినాలు వచ్చింది.
కొర్రల మూట దించి, మూట మీదే కూర్చొని చూసేది.
చదువు రాదు.
"ఈ పాప ఎవురి బిడ్డప్పా, ఎంత నిండు నవ్వు" అంది.
అయిదో దినం బీడీకట్ట కాగితం మీద
అంకెల్ని ముగ్గు మాదిరి చూసి గీసుకొని పోయింది.

ఆరునూర్ల పన్నెండు అడుగులు దించినారంట.
తెల్లటి దుమ్ము.
రాత్రంతా దుమ్ము, తెల్లారినా దుమ్ము,
జొన్నదంట్ల మీద, ఆమె తల మీద,
బండి డ్రైవరు టీగ్లాసులో.

తిట్టను వస్తాదనుకున్నా.
గోడ ముందర నిలబడి
కొంగుతో కనుబొమల దుమ్ము తుడుచుకుంటా
"ఆ పాప చూసిన తట్టే నేనూ చూసినా" అంది.
"దాని కళ్ళు కిందికి తిప్పు నాయనా.
కింద ఏందో రాసినావంట కదా."

ఆ రాత్రే తిప్పినా.
రెండు నల్లచుక్కలు. రంగు ఖర్చు కూడా లేదు.
పాప ఇప్పుడు
మోరీ పక్క అక్షరాల్ని చూస్తాంది.

వారానికి ఓనరు దిగినాడు. పట్టేసినాడనుకున్నా.
భుజం తట్టినాడు.
"కళ్ళు దించినాక పాపలో అణకువ వచ్చిందప్పా,
లచ్చిందేవి మాదిరి ఉంది.
ఫోన్లు రెండింతలు."
బెళుగుప్ప దోవలో ఇంకో గోడ ఉందన్నాడు.
బయానా తీసుకున్నా.
చెప్పుకోగూడదు గానీ, తీసుకున్నా.

సుంకమ్మ మళ్ళీ కబురంపింది.
ఎండిన బోరు నోటికి బండ మూసిందంట,
దాని మీద లోతు రాయాలంట.
"ఏ రంగు?" అన్నా.
"రంగెందుకు. సున్నం చాలు."

నల్లబండ. తడిసున్నం. 612.
పాప లేదు, దోసిలి లేదు,
ఎవురి చూపూ ఎటూ లేదు.
రాసి లేచేవాణ్ణే.
చెయ్యి ఊరుకుంటేనా,
ఆరు వెనక పల్చగా ఒక నీడ గీసేసింది,
అంకె బండ మీంచి లేచి నిలబడేట్టు.

సుంకమ్మ వంగింది.
ఏమీ అనలేదు.
బొటనవేలితో
ఆ నీడ మటుకు తుడిచేసింది.