కలిగి ఉండుట

ఫిషింగ్ హార్బరు వెనక, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
సాయంత్రం ఆరింటికి
ఎస్తేరు టీచరు బోర్డు మీద నాలుగక్షరాలు రాసింది.
హావ్.
"అంటే ఏటండీ?"
"కలిగి ఉండుట."

కలిగి ఉండుట!
మా జాలరిపేటలో ఆ మాట
ఎవరి నోటా వినలేదు నేను.
మాకు ఏదైనా ఉంటుంది, లేదంటే లేదు.
ఉన్నన్నాళ్లూ చుట్టంలా అరుగు మీద కూచుని
చెప్పకుండా లేచిపోతుంది.
జ్వరమైనా అంతే, దానంతటదే వస్తుంది, పోతుంది.
ఇంగ్లీషువాడు మాత్రం
జ్వరాన్ని కూడా గుప్పెట్లో పట్టుకుని
ఐ హావ్ ఫీవర్ అంటాడట.

బీచ్ రోడ్డు హోటల్లో గదులు సర్దాలన్నా
ఇది రావాలన్నారు.
ఐ హావ్ ఎ బోట్, రాయమంది టీచరు.
రాశాను. కొట్టేశాను.
"ఉండేది అని ఎలా రాస్తారండీ?"
ఆవిడ చివరి రెండక్షరాలు చెరిపి
వాటి చోట ఒక్కటి పెట్టింది.
అంతే, ఇంజనుతో సహా పడవ వెళ్లిపోయింది.
ఫైనాన్సువాళ్లకి మూడు నెలలు పట్టింది
ఆ పనికి.

మర్నాటి పాఠం: ది బోట్ హాజ్ గాన్.
పక్క బెంచీలో నూకరత్నం ఊరుకోదు కదా,
"ఓలమ్మ, ఎల్లిపోయినాక
ఇంకేటి కలిగుంటాదే దానికి?"
టీచరు నవ్వింది, జవాబు చెప్పలేదు.

ఐ హావ్ టు గో దగ్గర ఆగాను.
వెళ్లాల్సి ఉంది.
వెళ్లాల్సి... ఉంది.
ఇదొకటి మనలాగే అన్నారే వీళ్లు!
పడవల దగ్గర, జ్వరాల దగ్గర కలవని భాషలు
వెళ్లక తప్పని చోట
ఒకే రేవులో లంగరేశాయి.
ఆ రాత్రి నోట్సులో దాని కింద
రెండు గీతలు గీసుకున్నాను.

నాలుగో అంతస్తు, నాలుగొందల పన్నెండు.
తలుపు సందులోంచి తడి తల ఒకటి
"డూ యూ హావ్ టవల్స్?"
ట్రాలీలో ముప్ఫయ్యారు,
తెల్లగా, హోటలు పేరు కుట్టి.
"యస్ సర్, ఐ హావ్."
అన్నాక చెవులు వేడెక్కాయి,
ఎవరి వలో నాదన్నట్టు.
కారిడారు చివర కిటికీలో
డాల్ఫిన్ నోస్ మీద లైటు
ఒకసారి నా వైపు తిరిగి, పోయింది.

రెండు తీసి ఇచ్చాను.
ఇంకా ముప్ఫయి నాలుగు ఉన్నాయి.