జెట్టీ ఖాళీ లేదు

ఫిషింగ్ హార్బర్ వెనక ఐసు ఫ్యాక్టరీలో
కంప్యూటరు మూడు రోజులుగా
తన ఒంటి వేడి తనకు తెలియదంటోంది.
ఫ్యాను మాత్రం
గుక్కపట్టిన పిల్లలా ఒకటే మోత.

నల్లతెర మీద ఒకే వాక్యం:
ఆ చిరునామా వాడుకలో ఉంది.
డ్రైవరు వచ్చి తలుపు తట్టిందనీ
లోపల ఫర్మ్‌వేరు కూర్చుందనీ
ఎంత తట్టినా గడియ తియ్యదనీ
గుర్నాథం గారికి ఎలా చెప్పను?
ఆయనకు కావలసింది అంకె.
అంకె లేక అలారం మోగక
మొన్న రాత్రి మిషను దానంతటదే ఆగి
రెండు టన్నుల ఐసు నీళ్లయిందట.

"నూకరత్నం, కొత్త సెన్సారు కొనీమంటావేటి?"
వద్దండీ. సెన్సారు బాగానే ఉంది.
చూస్తోంది. చెప్పనివ్వడం లేదు.

కిటికీలోంచి చూపించాను:
అదిగో, బయట లంగరేసిన ఓడలు
మూడు రాత్రులుగా దీపాలు వెలిగించుకుని.
లోపల బెర్తు ఎవరి పేరనో రాసి ఉంది.
అక్కడ ఓడా లేదు, సరుకూ దిగడం లేదు.
కాగితం మాత్రం ఉంది.
ఆయన పకపకా నవ్వాడు,
ముప్ఫై ఏళ్లు పోర్టులో కాంట్రాక్టు చేసినవాడు.

బయోస్ కొత్తది ఎక్కించాను.
తేదీ మారింది, మొండితనం మారలేదు.
మాడ్యూలు తీసి, పెట్టి, మళ్లీ తీసి,
టీ చల్లారి మీగడ కట్టి,
మీగడ మీద ఒక ఈగ వాలి

ఇక మిగిలింది ఒక్కటే.
బూటు వరుస చివర ఒక చిన్న మాట:
పట్టు సడలించు.
కొట్టబోయి ఆగాను.
ఒకే రిజిస్టరులో రెండు చేతులు పడితే
ఒకరి ప్రశ్నకు వచ్చిన జవాబు
ఇంకొకరు పట్టుకుపోవచ్చు.
తప్పుడు అంకె కంటే
అంకె లేకపోవడమే నయమేమో.

అప్పుడొచ్చాడు మైలపిల్లి ఎర్రన్న.
ఐసు దిమ్మలు మోసి మోసి తిమ్మిరెక్కిన అరచెయ్యి
క్యాబినెట్ మీద ఆనించి
"డెబ్బై దాటిసినాదమ్మా" అన్నాడు,
ఎవరూ అడక్కుండానే.

కొట్టాను. రీబూట్.
డాక్‌యార్డు సైరను మోగేసరికి
తెర మీద నిలబడింది:
డెబ్బై నాలుగు.

మూత విప్పితే ఫ్యాను రెక్కల నిండా ఊక,
ఉప్పు, ఎండిన చేప పొలుసొకటి.
బ్రష్షుతో దులిపాను. యాభై రెండు.
గుర్నాథం గారు అంకెకి దండం పెట్టి
ఎర్రన్నని డ్యూటీకి ఆలస్యమైందని కసిరారు.

చీటీ రాసి క్యాబినెట్‌కి అంటించాను:
పట్టు సడలి ఉంది,
బయోస్ మార్చేముందు నాకు ఫోను చెయ్యండి.
తేమకి రెండుసార్లు ఊడిపోయింది.
మూడోసారి ఎర్రన్న
తన వేలికున్న ప్లాస్టరు విప్పి ఇచ్చాడు.