సొరబుర్ర అడుగున

మాది జిందర్‌కి తూర్పున, ఇసుక మొదలయ్యే చోటు.
పగిలిన సొరబుర్రలకు కుట్లు వేయడం నా పని.
కాల్చిన సూదితో రంధ్రం, తాటినార దారం,
చివర నీళ్లు పోసి చూడటం.
కారకపోతే రెండు కాసులు, కారితే తిట్లు.
తిట్లు నాకు వినపడవు, అదొక సుఖం.

ఏడేళ్లప్పుడు విన్న ఆఖరి చప్పుడు
సజ్జచొప్ప దడిని గాలి గీరుతున్న చప్పుడు.
ఆ జబ్బుకు మా భాషలో పేరు సంకరావ్.
బిగుసుకుపోవడం.

ఈ ఏడూ ఆ గాలి వచ్చింది.
పొద్దు పాలిపోయింది. పెదవులు చిట్లాయి.
కడవలో నీళ్ల మీద దుమ్ము మీగడ కట్టింది.
తలుపు మూసి, సందుల్లో గోనె కుక్కి
ఒకే గదిలో తొమ్మిదిమందిమి పడుకున్నాం
ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ.
వెచ్చగా ఉందనుకున్నాం.

చెల్లెలి కొడుకు షైబూ, ఐదేళ్లవాడు.
పొద్దున ఒళ్లు కాలింది, మలేరియా అన్నారు.
మధ్యాహ్నం తల పట్టుకుని కక్కాడు.
సాయంత్రం దీపం తెస్తే మోచేత్తో కళ్లు కప్పుకున్నాడు.
అందరూ వాడి ఏడుపు విన్నారు.
నేను వాడి మెడను చూశాను.

కొత్తగా కుట్టిన బుర్రలో నీళ్లు పోసి ఒళ్లో పెట్టి
అడుగున ఎవరున్నారో చూడమన్నాను.
రోజూ ఆడే ఆటే. "కోతి ఉంది" అనేవాడు.
వంగలేదు.
కళ్లు మాత్రం కిందికి దించాడు.
గడ్డం రొమ్ముకు జానెడు దూరంలో ఆగిపోయింది.

నేను అరిచానట.
నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలీదు.
తెల్లారనిద్దాం అనబోయిన మామ నోరు
మధ్యలోనే మూసుకుంది. ఎద్దులబండి కట్టాడు.

ఆరోగ్యకేంద్రంలో నర్సు లావలి
వాణ్ణి పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు నొక్కి
కొడవలిలా పట్టుకోమన్నాడు.
నడుము ఎముకల సందులో సూది.
ఊటనీరులా రావలసింది
సజ్జలు కడిగిన కుడితిలా వచ్చింది.
పట్నం నుంచి కాగితం వచ్చేదాకా ఆగలేదతను,
అప్పుడే మందు ఎక్కించాడు.

చెల్లెలి పెదవులు చదివాను:
"టీకా వేయించాను కదా?"
లావలి ఐదు వేళ్లు చూపించాడు.
బొటనవేలు మడిచాడు, దీన్ని ఆ టీకా కట్టేసింది.
చూపుడువేలు ఆడించాడు, ఇది దాని దాయాది.
మరి గాలి? అని ఊది చూపించాను.
తన గొంతు మీద గోరుతో గీసుకున్నాడు.
గాలి గీరి పోతుంది, అంతే.
తర్వాత నా గొంతు వైపు వేలు పెట్టాడు,
చెల్లెలి గొంతు వైపు, తన గొంతు వైపు.

వాడికి దాన్నిచ్చింది బహుశా మాలోనే ఎవరో.
ఏ నొప్పీ లేకుండా గొంతులో అద్దెకు పెట్టుకుని
వాడి ముఖం మీద దగ్గి, ముద్దుపెట్టి,
పక్కలో పడుకోబెట్టుకుని.
ఆ రాత్రంతా నా గొంతు పట్టుకుని కూర్చున్నాను.

పన్నెండో రోజు మంచు పెట్టెల్లో కొత్త టీకా వచ్చింది.
గావో చెట్టు కింద వరుస.
పక్కింటి హూరే ఒక్కతే వచ్చి నిలబడింది.
వాళ్ల చిన్నది సూది దాకా రాలేదు.
అప్పటినుంచి ఆరుబయటే పడకలు,
చాపకీ చాపకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు.

జూన్‌లో తొలివాన.
షైబూ గడపలో కూర్చున్నాడు, ఎముకలగూడు.
వెనకగా వెళ్లి, కుడిపక్క,
ఒక బుర్రను నేలకేసి కొట్టాను.
తిరగలేదు.
ఎడమపక్క ఇంకోటి.
తిరిగాడు.

పగిలిన ముక్కలు ఏరుకున్నాను. కుట్టొచ్చు.
కారవని మాట ఇవ్వలేను.

వాడు నా చెయ్యి లాగి కూర్చోబెట్టాడు.
మిగిలిన చెవిని వాన వైపు పెట్టి
నా మోకాలి మీద వేళ్లతో చెప్పడం మొదలెట్టాడు,
ముందు ఒక్క వేలితో,
తర్వాత పదీ.