అక్షరానికి మూడు రూపాయలు

పాత వణ్ణారపేట, ఎం.సి. రోడ్డులో
పాత్రల కొట్టు గడప పక్కన
ముక్కాలిపీట మీద వరదప్ప.
చేతిలో పెన్నంత మిషను, దానికి తుమ్మెద గొంతు.
ఇరవై తొమ్మిదేళ్ళుగా స్టీలు మీద
ఎవరెవరివో పేర్లు గీస్తున్నాడు.

"ఎవరి పేరమ్మా?"
పేరు కాదన్నాను.
చీటీ ఇచ్చాను, గిన్నె మూత ఇచ్చాను.
పన్నెండు మాటలు, ఒకదాని కింద ఒకటి.
చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.
"తలా తోకా లేదే. పొడుపుకథా?"

నా డబ్బు, అనలేదు.
నవ్వాను.

"పేరు లేని గిన్నె పెళ్ళింట్లో పోతే
మరి దొరకదమ్మా.
ఎవడి చేతిలో ఉంటే వాడిదే."

అందుకే వచ్చాను, వరదప్పా.
నా భయం కూడా అదే.

పేరున్న డబ్బును చూశాను నేను.
పాసుబుక్కులో నా పేరు, నాన్న పేరు,
ఫొటోలో బొట్టు కూడా.
మొన్న ఆడి నెలలో అది గడ్డకట్టింది.
నేను సబ్‌టైటిళ్ళు రాసి బతుకుతాను.
ఎవరో పంపిన కూలిలో
ఎవడో చేసిన మోసం చిటికెడు కలిసిందట.
నలభై ఒక్క రోజులు
పెరంబూరు బ్రాంచిలో టోకెన్లు చింపాను.
"మా చేతుల్లో లేదమ్మా" అన్నారు మేనేజరు.
మరెవరి చేతుల్లో అంటే
ఫ్యాను వైపు చూశారు.
ఆ నెల పాలవాడికి చెప్పిన అబద్ధాలు
ఇప్పటికీ నాలుక మీద పులుపు.

అప్పటి నుంచి కూలి బిట్‌కాయిన్‌లో అడుగుతున్నాను.
ఆపేవాళ్ళు లేరు.
పోతే ఏడవడానికి కౌంటరూ లేదు.
గురువారం అది స్కూటీ,
ఆదివారానికి స్కూటీ హెల్మెట్టు.
దానితో మా వీధిలో మూర మల్లెపూలు రావు.
అయినా అర్ధరాత్రి లేచి చూస్తే ఉంటుంది,
ఎవరినీ అడగకుండా.

దాని తాళం పన్నెండు ఇంగ్లీషు మాటలు.
మా ఇంట్లోకి వరద వచ్చిన ఏడు
కాగితాలన్నీ అంబలి అయ్యాయి,
అందుకని స్టీలు.
ఇంగ్లీషులో గీయిస్తే దారిన పోయేవాడూ చదువుతాడు,
అందుకని నాకు చేతనైన పని చేశాను,
అనువదించాను.
ఎవరికీ అర్థం కాకూడదని అనువదించడం
ఇదే మొదటిసారి.

"ఒత్తుకు వేరే డబ్బా?"
"ఒత్తు పుణ్యానికిలే."
ముప్పై రెండు అక్షరాలు, తొంభై ఆరు.
నూరు నోటు తీసి వెనక్కి తిప్పాను.
భాషల నిచ్చెనలో కింది నుంచి రెండో మెట్టు,
తమిళం కింద, ఉర్దూ పైన,
'నూరు రూపాయలు',
చీమతలంత తెలుగు.
ప్రభుత్వం డబ్బులో నాకు ఆ ఒక్క వరుస ఉంది.
కొత్త డబ్బుకు మాటల పట్టిక
జపనీసులో ఉంది, కొరియనులో ఉంది.
మనది లేదు.

నాలుగు రూపాయలు చిల్లర లేదని
వరదప్ప మూత అంచున పువ్వు గీసిచ్చాడు.

రాత్రి నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను.
మూత చూసి, తెలుగులోంచి వెనక్కి.
పన్నెండూ కొట్టాక ఫోను తప్పంది.
తొమ్మిదో మాట.
దానికి ఇంగ్లీషులో కవలలున్నారు,
నేను ఏ పిల్లను ఎత్తుకొచ్చానో మరిచిపోయాను.
ఇన్నాళ్ళూ ఇలాంటి తప్పులకు
మహా అయితే ఒక సంభాషణ చెడేది.
గుక్కెడు నీళ్ళు తాగి రెండోది కొట్టాను.
తెరుచుకుంది.
చీర కుచ్చిళ్ళదాకా చెమట.

నేను లేకపోతే?
బ్యాంకులో నామినీ అని ఒక గడి ఉండేది.
హిమజకు తమిళం వచ్చు, హిందీ వచ్చు,
ఇంగ్లీషులో కలవరిస్తుంది.
తెలుగులో అలుగుతుంది కూడా,
చదవడం రాదు.

ఆదివారం అన్నం గిన్నె మీద ఆ మూతే పెట్టాను.
ఆవిరికి అక్షరాలు చెమర్చాయి.
"అమ్మా, ఈ తోక ఉన్నదేంటి?"
చెప్పాను.
వేలు కాలింది. నోట్లో పెట్టుకుంది.
తీసి, రెండోదాని మీద పెట్టింది.