వడ్డన

పొద్దున ఆరున్నరకే నా గరిటె ముందు బారు తీరతారు.
కార్డు గీస్తే పచ్చ దీపం.
పచ్చ దీపమంటే, ఈ పిల్ల తిండికి కాలేజీ పూచీ.
జెరోతిచ్‌కి ఎప్పుడూ పచ్చదే.
ఆ కార్డు మీద నా కూతురి పేరుండాల్సింది
అని నేననను. ఊరంటుంది.
నేను గుడ్లు కాస్త తక్కువ వేస్తాను, అంతే.
రెండు వారాలు వేశాను. ఇప్పుడు చెప్పేస్తున్నాను.

అక్టోబరులో, గోల్ఫ్ మైదానం వెనక గుట్ట మీద
ఆరు కిలోమీటర్లకి నలభై ఒక్క సెకన్ల తేడా.
అంటే ఎంతో తెలుసా?
ఒక పళ్లెం నింపి ఇంకో పళ్లెం అందుకునేంత.
మా ఆడ్రాకి పద్దెనిమిది. ఆ పిల్లకి ఇరవై మూడు.
వయసు వయసే, కాదనను.

"మన నెబ్రాస్కా పన్నులు, పరాయి కాళ్లు" అంటూ
చర్చి మెట్ల మీద కాగితం తిప్పుతున్నాడు హాలోవెల్.
నీ జొన్నలు ఏ దేశానికి ఓడెక్కుతాయయ్యా అంటే
టోపీ సర్దుకున్నాడు.

ఒకరోజు మొక్కజొన్న గింజల తొట్టి చూసి
జెరోతిచ్ ఆగిపోయింది.
"మా కప్సోవార్‌లో తెల్లదే తింటాం.
పసుపుది వండారంటే ఆ ఏడు కరువొచ్చినట్టు.
మీకేం కరువొచ్చింది?"
జవాబు నోటిదాకా వచ్చింది.
ఇంకో గరిటె వేశాను.

బూట్ల కంపెనీ జట్టు పిల్లలకి డబ్బిస్తే
వీసా మీదున్నది కనక తనకి పోస్టరులో చోటు మాత్రమే.
పిక్క పట్టేసిన రోజు
కోచ్ చూపు పిక్క మీద లేదు, క్యాలెండరు మీదుంది.
ఏటికేడు సంతకం. సంతకం ఆగితే విమానం.
మా ఆడ్రా దాణా కొట్లో బస్తాలు తూస్తోంది,
తెల్లారకముందే ఎలివేటర్ దాకా పరిగెత్తి వచ్చి.
ఇది న్యాయమా, అది న్యాయమా అని నన్నడగొద్దు.
నా గరిటెకి ఒకటే కొలత.
దాన్నీ నా చెయ్యే చెడగొట్టింది.

హాలోవెల్ కాగితం ఏప్రన్ జేబులోనే ఉంది.
సంతకం పెట్టలేదు. చింపనూ లేదు.
గ్రేవీ పడి సగం పేర్లు అలుక్కుపోయాయి.

రాత్రి ఆడ్రా వచ్చింది, కనుబొమల మీద దాణా దుమ్ము.
చదివి, మడిచి, ఉప్పు సీసా కింద పెట్టింది.
"గుట్ట ఎక్కేటప్పుడు ఆమె చేతులెలా ఊపుతుందో
నువ్వు చూశావా అమ్మా?
నాకు వీపే కనిపించింది,
అదీ మొదటి మైలు దాకానే."