వంకర తీగె

జానయ్య నా చేతిల పెట్టింది పైపు కాదు,
సైకిల్ పుల్ల మందంల ఒక తీగె.
కాంటెస్సా బానెట్ కింద తలకాయ దూర్చి
ఇంజను మూతి కాడ్నించి రేడియేటర్ మూతి దాకా
పొద్దంత వంచి, విప్పి, మళ్ళ వంచిండు.
ఒక వంపు ఫ్యానును తప్పించనీకి,
ఒకటి బ్యాటరీకి జాగ ఇడ్వనీకి.
మూడోది ఎందుకని అడిగితే
"ఊగనీకి" అన్నడు.
"ఇంజను దడదడ కొట్టుకుంటది, పైపు దాంతోటి ఊగాలె.
ఊగుకుంట నీళ్ళు ఇడ్వొద్దు."

ఆ ఇంజను ఆ కారుది కాదు.
దేవరకొండ రోడ్డుల పల్టీ కొట్టిన బొలెరోది.
దింపి బిగిచ్చుడు రెండు రోజుల పని,
దానికి నీళ్ళు తాపే తొవ్వకే నెల పట్టింది.
బొలెరో పైపు జానెడు తక్కువ.
కాంటెస్సా పైపు ఏ ఊర్ల లేదు.
ఒక మూతి నలభై రెండు, ఒకటి ముప్పై ఎనిమిది.
ఆ నాలుగు మిల్లీమీటర్ల కాడ
నా జీతం సగం ఆగింది.

చండూరు బస్సుల తీగెను
గాజుల పెట్టె లెక్క ఒళ్ళె పెట్టుకున్న.
కండక్టరమ్మ నవ్వింది: "ఏందన్నా, టీవీ యాంటెన్నానా?"
పక్క సీట్ల ముసలామె నవ్వలే.
శాన సేపు దాన్నే చూసి
తన మోకాలు తడుముకుంది.

నల్లగొండ గడియారం కాడ మూడు దుకాండ్లు.
మొదటాయన తోటకు పారిచ్చే పైపు చూపెట్టి
అదే ఇది అన్నడు. గోటితోటి గీరితే పొడి రాలింది.
రెండో ఆయన సాపు పైపు ఇచ్చి వంచుకోరాదూ అన్నడు.
వంచిన. నడుమ నొక్కుకపోయింది,
ఎవరో గొంతు పట్టినట్టు.
మూడోది మూసుంది, శుక్రవారం.

హైదరాబాద్ రోడ్డుల, బోరు బండ్లు ఆగే కాడ,
హోజులు నొక్కే మిషను పక్కన మక్బూల్ భాయి.
తీగెను చూసి చాయ్ గ్లాసు కింద పెట్టిండు.
"ఎవరు వంచిన్రు?"
"మా జానయ్య."
"నడుం వంగినాయన?"
అవునన్న. ఇంకేం అడగలే.
అటకెక్కి దుమ్ములకెల్లి ఒక్కొక్కటి తీసిండు,
లారీది, జేసీబీది, పేరు పోయిన వ్యానుది.
తీగె పక్కన పెట్టుడు, తల ఊపుడు, అవుతల పడేసుడు.
ఆఖరికి ఒక పాత ట్రాక్టర్ది
కింది పైపు, తలకిందులు చేసి
రెండేళ్ళ మందం కోస్తే
తీగె మీద తీగె నీడ లెక్క కూసుంది.
సన్నటి మూతికి లోపల ఒక రబ్బరు తొడుగు.

పక్కన సన్న పైపుకు ఇత్తడి నిప్పిల్ కావాలె.
ఇంచు చుట్టా, మిల్లీ చుట్టా నాకు తెల్వది.
భాయి డబ్బా బోర్లిచ్చి అన్నడు:
"మూడు చుట్లు చేతితోనే పోవాలె.
పానా అడిగిందంటే అది దాని జత కాదు."
క్లిప్పులు అంచు మడిచినయే ఇచ్చిండు,
కోసే అంచువి బోరు బండ్లోళ్ళకు కూడా ఇయ్యడంట.

బిగిచ్చినంక బోరింగు కాడ బకెటు నింపుకొచ్చిన.
జానయ్య నా చెయ్యి పట్టుకున్నడు.
"ఆ నీళ్ళు నాకు పోసిన్రు, సాలు."
బ్యాంకు ఏసీ కింద పదిరోజులు పెట్టిన డబ్బా తెచ్చి
పచ్చ మందు కలిపి పోసిండు,
పసిపిల్లకు పాలు తాపినంత నిమ్మళంగ.

ఇంజను అందుకుంది. పైపు వెచ్చగైంది, పొంగింది.
ఆయన దాని మీద అరచెయ్యి పెట్టి
కండ్లు మూసుకున్నడు.
రెండో క్లిప్పు కాడ ఒక్క చుక్క.
పావు చుట్టు. ఆగింది.

పోయేటప్పుడు తీగె ఇయ్యుమన్న, గుర్తుకు.
గోడ మొలకు ఇంకో పదిహేను వంకర తీగెలున్నయ్,
ఒకదాని లెక్క ఒకటి లేదు.
దాన్నీ అండ్లనే తగిలిచ్చిండు.
"ఇంకో కాంటెస్సా రావొచ్చు" అన్నడు.